అగ్రరాజ్యాల నడుమ వర్ధమాన దేశం



1946వ సంవత్సరం సెప్టెంబరు 7వ తేదీన, మనకింకా స్వాతంత్ర్యం రాకముందే, జవహర్‌లాల్ నెహ్రూ రేడియోలో దేశప్రజల నుద్దేశించి ప్రసంగించారు. అప్పటికి ఆయన తాత్కాలిక ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడు. విదేశీ వ్యవహారాలు కూడా ఆయనే చూస్తున్నారు. ఒకదానికొకటి ఎదురు నిలిచిన రాజ్యకూటములకు వీలైనంత దూరంగా ఉంటామని ఆనాడే ఆయన ప్రకటించారు. తరువాత మనం అలీన విధానం అని పిలుచుకున్న దానికి అదే తొలి పలుకు.

వినడానికి గంభీరంగానే ఉంది. కాని అప్పుడు మన ఇంటి పరిస్థితి ఏమిటి? మూడేళ్ల క్రితమే బెంగాలు కరువు లక్షలాది ప్రాణాలు తీసింది. తిండిగింజలకు ఓడల కోసం ఎదురుచూడాలి. యుద్ధవిమానం చేసుకునే శక్తి లేదు. ఉక్కు చాలదు. ఇటువంటి దేశం ఏ పెద్ద అండా లేకుండా నిలబడగలదా? ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయని మన పల్లెల్లో సామెత. అమెరికా, సోవియట్ యూనియన్ అనే రెండు ఆంబోతుల మధ్య కొత్తగా పుట్టిన దేశాలన్నీ లేగదూడలే. మరి ఆ లేగలు కాళ్లు విరక్కుండా ఎలా బతికాయి? ఎవరితో స్నేహం చేశాయి, ఆ స్నేహానికి ఏం చెల్లించాయి? మన దేశం కథనే ఉదాహరణగా తీసుకుని ఈనాడు కొంచెం ఆలోచిద్దాం. ఈ కథలో మన సరిహద్దు జిల్లాల పేర్లు చాలా చోట్ల వినిపిస్తాయి. అందుకే దీన్ని దూరపు ఢిల్లీ కథగా అనుకోవద్దని నా మనవి.

బలహీనుడికి మొదటి స్నేహితుడు మరో బలహీనుడే. ఇది చరిత్ర చెప్పే తొలి సంగతి. 1947 జులైలో, మన జెండా ఎగరడానికి కొద్ది వారాల ముందు, ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ తన డకోటా విమానంలో జావా ద్వీపానికి వెళ్లారు. ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని అణచాలని డచ్చివారు అప్పుడే సైనికదాడి మొదలుపెట్టారు. ఆ గండంలోనుంచి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహరీర్‌ను బిజూ పట్నాయక్ బయటికి తీసుకువచ్చారు. ఆ దేశపు గోడు ప్రపంచానికి వినిపించడానికి అది తోడ్పడింది. 1949 జనవరిలో ఇండోనేషియా కోసమే ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం జరిగింది. ఆ ఏడాది డిసెంబరు 27న డచ్చివారు ఇండోనేషియా సార్వభౌమత్వాన్ని అంగీకరించారు. అదే ఇండోనేషియాలో, బాండుంగ్ నగరంలో, 1955 ఏప్రిల్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. 1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమం మొదటి శిఖరాగ్ర సభ జరిగింది. ఈ దేశాల దగ్గర డబ్బు లేదు, ఆయుధాలు లేవు. ఉన్నదల్లా ఐక్యరాజ్యసమితిలో తలా ఒక ఓటు. ఓట్లన్నీ కలిస్తే అదే ఒక బలమయింది.

అయితే ఓట్లు కడుపు నింపవు. 1951లో దేశంలో ఆహారపు కొరత తీవ్రమయింది. అమెరికాను గోధుమలు అడిగాం. అక్కడి కాంగ్రెసులో నెలల తరబడి చర్చ సాగింది. కొరియా యుద్ధం విషయంలో మన ధోరణి వారిలో చాలామందికి నచ్చలేదు. ఈలోగా సోవియట్ యూనియన్ నుంచి, చైనా నుంచి కొంత ధాన్యం వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా 19 కోట్ల డాలర్ల గోధుమ రుణానికి ఒప్పుకున్నది.

ఆ రోజుల్లో మాస్కోలో మన రాయబారి ఎవరో మీకు తెలుసు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో పుట్టిన తెలుగువారు. ఆ తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. సరిహద్దు జరిగినప్పుడు ఊరు కదలదు, రాష్ట్రం పేరు మాత్రమే మారుతుంది. ఆ అనుభవం మన శ్రోతల్లో చాలా కుటుంబాలకు ఉన్నదే. రాధాకృష్ణన్ గారు 1949 నుంచి 1952 దాకా మాస్కోలో పనిచేశారు. ఆయనకు ముందు అక్కడ రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే ఇవ్వలేదు. ఈ తత్త్వశాస్త్ర ఆచార్యుణ్ణి మాత్రం ఆయన పిలిచి మాట్లాడాడు. భారతదేశం బ్రిటిషువాళ్ల తోక అనే అభిప్రాయం సోవియట్ నాయకుల్లో సడలడం ఆ కాలంలోనే మొదలయింది. ఒక ఇంటివాళ్లకు మనమీద ఉన్న అనుమానం పోవాలంటే మన మనిషి వెళ్లి వాళ్ల గడపలో కూర్చోవాలి గదా! దేశాల నడుమ కూడా అంతే.

ఇక ఉక్కు కథ వినండి. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు నేను తప్పకుండా చెప్పే కథ ఇది. 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఒరిస్సాలోని రూర్కెలాలో ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మరునాడు, ఫిబ్రవరి 4న, భిలాయిలో మరొకదాన్ని ప్రారంభించారు. రూర్కెలా పశ్చిమ జర్మనీ సాయంతో కట్టినది. భిలాయి సోవియట్ సాయంతో కట్టినది. మూడవది బెంగాలులోని దుర్గాపూర్, అది బ్రిటిషు కంపెనీలు కట్టినది. అప్పట్లో మూడింటి సామర్థ్యమూ ఏడాదికి పది లక్షల టన్నులే. ఒకే పని, ముగ్గురు మేస్త్రీలు. ఇందులో గడుసుదనం ఉంది. 1955లో భిలాయికి రష్యావారు రెండున్నర శాతం వడ్డీకి, పన్నెండేళ్ల వాయిదాల మీద అప్పు ఇచ్చారు. ఆ షరతులు చూశాక తక్కినవారితో బేరమాడడానికి మనకు నోరు వచ్చింది. సంతలో ఒకే దుకాణం ఉంటే వాడు చెప్పిందే ధర. మూడు దుకాణాలుంటే మన మాటా చెల్లుతుంది.

తరువాత బొకారో విషయంలో ఈ సూత్రం మరోసారి రుజువయింది. దానికి అమెరికా సాయం కోరాం. కెనెడీ సుముఖంగానే ఉన్నారు. అయితే ప్రభుత్వరంగంలో కట్టే కర్మాగారానికి తమ డబ్బెందుకు ఇవ్వాలని అక్కడి కాంగ్రెసు అడ్డుపడింది. 1963లో మనమే ఆ అభ్యర్థనను వెనక్కు తీసుకున్నాం. 1965 జనవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఈజిప్టులో ఇంతకుముందే ఇలాంటిది జరిగింది. అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సాయాన్ని అమెరికా 1956 జులైలో ఉపసంహరించుకున్నది. వారం తిరిగేసరికి నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేశాడు. తరువాత సోవియట్ సాయంతో ఆనకట్ట కట్టి 1970లో పూర్తి చేసుకున్నారు. ఒక తలుపు మూసుకుంటే తట్టడానికి మరో తలుపు ఉండాలి. వర్ధమాన దేశాలు నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఇక్కడ ఒక చేదుమాట కూడా చెప్పుకోవాలి. రూర్కెలా కర్మాగారం వెలసిన నేల ఖాళీ నేల కాదు. అక్కడ ఆదివాసీల పల్లెలు, పొలాలు ఉండేవి. విదేశాలతో స్నేహం ఢిల్లీలో సంతకాలతో కుదురుతుంది. దాని వెల మాత్రం తరచు ఏ కొండ పక్కనో బతికే కుటుంబం చెల్లిస్తుంది. స్నేహాల లాభనష్టాల పద్దు రాసేటప్పుడు ఆ వరుస కూడా రాయాలి.

1962 అక్టోబరు 20న చైనా సైన్యం మనమీద దాడి చేసింది. 1954లో పంచశీల ఒప్పందం మీద సంతకం చేసిన పొరుగుదేశమే అది. బాండుంగ్ మిత్రులలో గట్టిగా మన పక్షాన మాట్లాడినవారు తక్కువ. డిసెంబరులో ఆరు దేశాలు కొలంబోలో కూర్చుని రాజీ ప్రతిపాదనలు చేశాయి, అంతే. ఆయుధాలు వెంటనే పంపినవి అమెరికా, బ్రిటన్. ఓటు ఇచ్చే స్నేహం వేరు, తుపాకి ఇచ్చే స్నేహం వేరు అని ఆ నెలరోజుల్లో దేశానికి అర్థమయింది. మంచిమాట మీద నమ్మకం పెట్టుకుని కొండల మీద జవానుకు సరైన చలికోటు కూడా సమకూర్చుకోకపోవడం మన లోపమే. అలీన విధానం ఇంటి కాపలాకు బదులు కాజాలదు.

అదే ఏడాది మరో నిర్ణయం జరిగింది. మిగ్-21 అనే సోవియట్ యుద్ధవిమానాన్ని కొనడమే కాక మన దేశంలోనే తయారుచేసుకోవాలని ఒప్పందం కుదిరింది. విమానపు శరీరం మహారాష్ట్రలోని నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజను ఒరిస్సాలోని కొరాపుట్ జిల్లాలో. సాలూరు నుంచి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్లే దారిలో సునాబెడ వస్తుంది. ఆ కర్మాగారం మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు. మన చుట్టాలెందరో అందులో ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు కూడా. మొదట రష్యా నుంచి విడిభాగాలు తెచ్చి బిగించారు. తరువాత ఒక్కొక్క భాగమే ఇక్కడ చేయడం నేర్చుకున్నారు. విమానం కొనుక్కుంటే పాతబడి పోతుంది. చేయడం నేర్చుకుంటే ఆ విద్య ఇంట్లో ఉండిపోతుంది. విదేశీ స్నేహాన్ని కొలవడానికి ఇంతకన్నా మంచి గజంబద్ద నాకు కనిపించదు. స్నేహితుడు వెళ్లిపోయాక మన చేతిలో ఏం మిగిలింది?

ఇదే ప్రశ్నను గోధుమల విషయంలో వేసుకుందాం. 1956 నుంచి పి.ఎల్. 480 అనే చట్టం కింద అమెరికా గోధుమలు మనకు రూపాయలకే వచ్చేవి. పెద్దవాళ్లకు ఆ ఎర్ర గోధుమలు జ్ఞాపకం ఉంటాయి. సులభంగా వస్తున్నవి గదా అని వ్యవసాయం మీద పెట్టవలసినంత శ్రద్ధ పెట్టలేదు. 1965, 1966 రెండేళ్లూ వరుసగా వానలు ముఖం చాటేశాయి. 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. అప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ఏడాదికి సరిపడా ఒకేసారి ఇవ్వకుండా కొద్దికొద్దిగా, నెలల లెక్కన విడుదల చేయించాడు. వ్యవసాయ విధానం మార్చుకొమ్మన్నారు. వియత్నాం మీద బాంబుదాడులను మనం విమర్శించడం వారికి కంటగింపయింది. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

కాని ఆ కథ అక్కడితో ఆగలేదు. అదే 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం తెప్పించాం. ఫిలిప్పీన్స్‌లో, అమెరికా ధర్మసంస్థల డబ్బుతో నడిచే వరి పరిశోధన కేంద్రం నుంచి ఐ.ఆర్.8 వరి వచ్చింది. గోదావరి జిల్లాల రైతులు దాన్ని సాగుచేసి పుట్లకు పుట్లు పండించి చూపారు. 1971 చివరికి పి.ఎల్. 480 గోధుమలు ఇక అక్కర లేదనగలిగాం. చూడండి, ఒకే దేశం గింజ ఇచ్చినప్పుడు మనం చేయి చాచవలసి వచ్చింది. విత్తనమూ శాస్త్రమూ అందినప్పుడు మన కాళ్ల మీద నిలబడ్డాం.

1971 వచ్చేసరికి పరీక్ష మరింత కఠినమయింది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఆ జులైలో అమెరికా దూత కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పెకింగ్ వెళ్లివచ్చాడు. అంటే అమెరికా, చైనా, పాకిస్తాన్ మూడూ ఒక వైపు చేరుతున్నాయన్నమాట. ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో ఇరవై ఏళ్ల మైత్రీ ఒప్పందం చేసుకున్నాం. ఒకరికి ముప్పు వస్తే ఇద్దరూ కలిసి సంప్రదించుకోవాలని అందులోని తొమ్మిదో అధికరణం. భారత అలీన విధానాన్ని గౌరవిస్తామని కూడా అదే ఒప్పందంలో రాయించుకున్నాం. డిసెంబరులో యుద్ధం వచ్చింది. 3వ తేదీ అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం దగ్గరే మునిగిపోయింది. అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌక బంగాళాఖాతం వైపు బయలుదేరింది. భద్రతామండలిలో మనకు వ్యతిరేకమైన తీర్మానాలను సోవియట్ వీటో ఆపింది. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి.

ఆ స్నేహం అక్కరకు వచ్చింది, సందేహం లేదు. కాని అక్కరకు వచ్చిన స్నేహానికి బాకీ ఉంటుంది. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగింది. మరుసటి నెలలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 104 దేశాలు సైన్యాలు వెనక్కు పోవాలన్నాయి. వాటిలో అలీన దేశాలే ఎన్నో ఉన్నాయి. మనం ఓటు వేయకుండా ఊరుకున్నాం. చిన్న దేశం మీద పెద్ద దేశం పడితే మాట్లాడతామని చెప్పుకున్నవాళ్లం మాట్లాడలేకపోయాం. అది 1971 బాకీలో ఒక వాయిదా.

ఆ తరువాత ఇరవై ఏళ్ల గడువు ముగిసే 1991లోనే మిత్రుడి ఇల్లే కూలిపోయింది. డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. విడిభాగాలు చేసే కర్మాగారాలు వేరువేరు కొత్త దేశాల్లో పడ్డాయి. మన విమానాలకు సామాను దొరకడం కష్టమయింది. ఆ ఏడాదే మన విదేశీ మారకద్రవ్యం అడుగంటి, జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాన్ బ్యాంకులలో కుదువ పెట్టాం. పుస్తెలు తాకట్టు పెట్టిన ఇంటి పరువులా ఉండింది దేశం పరువు.

ఆ సమయంలో ప్రధాని పి.వి. నరసింహారావు గారు. సరిహద్దు తెలుగువారికి ఆయన మరీ దగ్గరివారు. పుట్టినది తెలంగాణలో. లోక్‌సభకు హనుమకొండ నుంచే కాక, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి, రాయలసీమలోని నంద్యాల నుంచి, 1996లో ఒరిస్సాలోని బరంపురం నుంచి కూడా ఎన్నికయ్యారు. అనేక భాషలు వచ్చిన ఆ మనిషి విదేశాంగంలో కూడా అనేక తలుపులు తట్టారు. 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అలాగని పాలస్తీనాను వదులుకోలేదు. 1993 జనవరిలో రష్యాతో కొత్త ఒప్పందం కుదిరింది. పాత ఒప్పందంలోని రక్షణ సంప్రదింపుల నియమం అందులో లేదు. అదే సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం మీద సంతకమయింది. తూర్పున సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ వంటి దేశాలతో వర్తకం పెంచుకునే విధానం ఆయన కాలంలోనే మొదలయింది. బల్లగుద్ది ప్రకటనలు లేవు. నిబ్బరంగా ఒక్కొక్క దారమే కలిపి నేశారు.

ఇప్పటి ప్రపంచంలో రెండు ఆంబోతులు కాదు, నాలుగైదు ఉన్నాయి. అమెరికా, చైనా, రష్యా, ఐరోపా, జపాన్. దీన్నే బహుళధ్రువ ప్రపంచమంటున్నారు. 2009లో మొదటి శిఖరాగ్ర సభ జరుపుకున్న బ్రిక్స్‌లో మనం చైనా, రష్యాల పక్కన కూర్చుంటాం. 2017లో మళ్లీ ఊపిరి పోసుకున్న క్వాడ్‌లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల పక్కన కూర్చుంటాం. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన జవాన్లు ఇరవైమంది చైనా సైనికులతో ఘర్షణలో ప్రాణాలు కోల్పోయారు. అయినా వర్తకం ఆగలేదు. దీన్ని గోడమీద పిల్లి వాటమనేవారున్నారు. మీరే ఆలోచించండి. సరిహద్దులో బతికే మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒరియా లేదా కన్నడం లేదా తమిళం మాట్లాడతాం. ఇద్దరు పొరుగువారితోనూ ఇచ్చిపుచ్చుకుంటాం. అది మోసమా? కాదు. ఒకరికి ఇచ్చిన మాట రెండోవారి దగ్గర మార్చితేనే మోసం.

వియత్నాం చూడండి. అమెరికాతో ఏళ్ల తరబడి యుద్ధం చేసిన దేశం. 1979లో చైనాతోనూ యుద్ధం చేసింది. 1995లో అమెరికాతో దౌత్య సంబంధాలు కలుపుకున్నది. చైనా, రష్యా, భారత్‌లతో ఉన్న అత్యున్నత భాగస్వామ్య స్థాయినే 2023లో అమెరికాకూ ఇచ్చింది. తమ విధానాన్ని వాళ్లు వెదురుతో పోల్చుకుంటారు. వేరు గట్టిగా ఉంటుంది, కొమ్మ గాలికి వంగుతుంది. వెదురు బలం మన కొండ ప్రాంతాల వారికి వేరే చెప్పాలా?

వంగడంలో నొప్పి లేదని కాదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు సమితిలో మనం మళ్లీ ఓటు వేయకుండా ఉన్నాం. రష్యా చమురు చవకగా కొన్నాం. అంతకుముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని ఆ చమురు 2023 నాటికి మూడో వంతు దాటింది. 2025 ఆగస్టు 27 నుంచి, ఆ చమురును కారణంగా చూపి, అమెరికా మన సరుకుల మీద అప్పటికే వేసిన 25 శాతం సుంకానికి మరో 25 శాతం కలిపింది. ఆ దెబ్బ ఎక్కడ తగిలింది? ఆంధ్ర తీరంలో రొయ్యల చెరువు గట్టు మీద తగిలింది. చమురు కొన్నది ఎక్కడి కంపెనీయో, ధర పడిపోయినది భీమవరం రైతుకు. విదేశాంగ విధానం మనకెందుకని అనుకునేవారికి ఇదే జవాబు.

2025 సెప్టెంబరు 26న మిగ్-21 మన వాయుసేన నుంచి సెలవు తీసుకున్నది. సునాబెడ కర్మాగారం మాత్రం సెలవు తీసుకోలేదు. 2024 సెప్టెంబరులో సుఖోయ్ విమానాలకు 240 ఇంజన్లు చేసే ఒప్పందం దానికి దక్కింది. దాని విలువ 26,000 కోట్ల రూపాయలు. ఇంజను నమూనా ఇప్పటికీ రష్యాదే. మనమే రూపొందించిన తేజస్ విమానానికి ఇంజను అమెరికా నుంచి రావాలి. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరు పెడితే మొదటిది 2025 మార్చిలో వచ్చింది. విమానం సిద్ధం, గుండెకాయ కోసం ఎదురుచూపు. అరవై ఏళ్లలో ఇంజను చేయడం నేర్చుకున్నాం. సొంతంగా రూపొందించడం ఇంకా నేర్చుకోవలసే ఉంది.

కాబట్టి శ్రోతలారా, రేపు పత్రికలో ఏ దేశంతోనో మన ఒప్పందం కుదిరిందని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ తలుపు మూసుకుంటే మరో తలుపు ఉన్నదా? దీని వెల ఎవరు చెల్లిస్తున్నారు? స్నేహితుడు వెళ్లిపోయిన నాడు మన పిల్లల చేతుల్లో ఏ విద్య మిగులుతుంది? ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు రాయబారులొక్కరే కాదు. మన బడులు, మన పాలిటెక్నిక్‌లు, మన ప్రయోగశాలలు కూడా.